పక్కింటివారి కేసు ఏళ్ల తరబడి సాగుతుంటే మనం కోర్టుకు వెళ్లవచ్చా?

మీరు రాసినది రెండుసార్లు చదివాను. దేవరకొండ దగ్గర మీ ఊరిలో పక్కింటి అబ్బాయి దారి దోపిడీ కేసులో ముగ్గురు నిందితుల్లో ఒకడు. మూడున్నరేళ్లుగా నల్గొండ జైలులో ఉన్నాడు. సాక్షులు రావడం లేదంటూ వాయిదా మీద వాయిదా పడుతోంది. తల్లి కూలికి వెళ్లే మనిషి, చదువు లేదు. ఇటు మీ ఇంట్లోనూ ఒక కేసు ఉంది. అచ్చంపేట వైపు పుట్టింటి భూమిలో వాటా కోసం మీ అమ్మగారు 2012లో మహబూబ్‌నగర్ కోర్టులో పంపకాల దావా వేశారు. 2019లో ప్రాథమిక డిక్రీ వచ్చింది. ఆ తరువాత ఫైలు నాగర్‌కర్నూలుకు మారి అక్కడే ఆగిపోయింది. మీరు అడిగినవి మూడు. ఆ అబ్బాయికి బంధువు కాని మీరు అతని కేసులో ఆలస్యంపై పిటిషను వేయవచ్చా? ఒక కోర్టులో జరిగే ఆలస్యాన్ని మరో కోర్టు వింటుందా? ఫలానా కేసు పది నెలల్లో తేలింది కదా, మాది ఎందుకు తేలదని వాదించవచ్చా?

ముప్పై ఏళ్లకు పైగా నల్గొండ బార్‌లో ఉన్నాను. ఈ మూడు ప్రశ్నలూ కోర్టు వరండాలో రోజూ వినిపించేవే. ముందు సమాధానాలు చెప్పి తరువాత కారణాలు చెబుతాను. కేసులో లేని మూడో మనిషి ఒక ఫలానా కేసును తొందరపెట్టమని పిటిషను వేస్తే చాలావరకు నిలవదు. కింది కోర్టులో ఆలస్యాన్ని హైకోర్టు వినగలదు, విన్న సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఇతరుల కేసుల తేదీలు మీకు పెద్దగా పనికిరావు, మీ కేసు తేదీలే మీకు బలం.

మొదటి ప్రశ్నకు చరిత్ర ఉంది, అది తెలుసుకోవడం అవసరం. 1979 జనవరిలో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రిక బీహార్ జైళ్లలోని విచారణ ఖైదీల గురించి కథనాలు ప్రచురించింది. నేరం రుజువైనా పడే శిక్షకన్నా ఎక్కువ కాలం విచారణ లేకుండానే జైలులో గడిపిన మనుషులు వాళ్లు. ఆ వార్త చదివి పుష్పా కపిలా హింగోరాని అనే న్యాయవాది సుప్రీం కోర్టుకు వెళ్లారు. ఆ ఖైదీలెవరూ ఆమె బంధువులు కారు, ఆమె క్లయింట్లూ కారు. కోర్టు ఆ పిటిషను విన్నది. ఖైదీల్లో ఒకరి పేరు మీద దాన్ని హుస్సేనారా ఖాతూన్ కేసు అంటారు. సత్వర విచారణ రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని న్యాయమూర్తి భగవతి చెప్పింది అందులోనే. ఇవాళ జిల్లా కోర్టులో ఒక జూనియరు లేచి సత్వర విచారణ హక్కు అని అనగలుగుతున్నాడంటే దానికి పునాది ఒక మూడో మనిషి వేసిన పిటిషనే.

మరి మీకు కుదరదని ఎందుకు అంటున్నాను? ఆ పిటిషను ఒక ఫలానా కేసు గురించి కాదు. గొంతు లేక జైళ్లలో పడి ఉన్న ఒక సమూహం గురించి. వాళ్ల తరఫున మాట్లాడేవారు వేరే ఎవరూ లేరు. ఫలానా నంబరు కేసు, ఫలానా నిందితుడు అనే దగ్గరకు వచ్చేసరికి సుప్రీం కోర్టు ఎప్పటినుంచో వేరే వైఖరి తీసుకుంది. బోఫోర్స్ వ్యవహారంలో 1992లో ఇచ్చిన జనతాదళ్ తీర్పు ఈ విషయంలో గట్టిది. ఒక క్రిమినల్ కేసులో జోక్యం కోరే హక్కు అందులోని పక్షాలదే, ప్రజాప్రయోజనం పేరుతో బయటివారు వచ్చి అడగడానికి వీల్లేదని అది చెప్పింది. 2020 డిసెంబరులో వచ్చిన తీర్పు మీ ప్రశ్నకు ఇంకా దగ్గరిది. ఉత్తరప్రదేశ్‌లో సామాజిక కార్యకర్తగా చెప్పుకున్న ఒక న్యాయవాది, తనకు సంబంధం లేని అవినీతి కేసు విచారణను త్వరగా ముగించాలని హైకోర్టుకు వెళ్లారు. హైకోర్టు ఒప్పుకుంది. సుప్రీం కోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. అవినీతి కేసులు త్వరగా తేలాల్సిందే, కానీ ఆ మాట అడగడానికి ఈయన ఎవరు అన్నది అక్కడ తేల్చిన విషయం.

ఇది మీకు అన్యాయంగా అనిపించవచ్చు. చేరిన కొత్తలో నాకూ అలాగే అనిపించింది. కానీ మన ఊళ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. గట్టు తగాదాలోనో సర్పంచి ఎన్నికలోనో ఎదురుపడ్డ మనిషి మీద ఒక కేసు ఉంటే, ఆ కేసును తొందరపెట్టమనో సాగదీయమనో అవతలి వర్గం ఊరి బాగు పేరుతో పిటిషన్లు వేయడం మొదలుపెడితే నిందితుడికి దిక్కుండదు. తన కేసు ఎప్పుడు ఎలా నడపాలో అతనూ అతని న్యాయవాదీ నిర్ణయించుకోవాలి. సాక్షిని వెనక్కి పిలిపించాలనుకున్న వారంలోనే ఎవరో హైకోర్టు నుంచి నెలలో ముగించమని ఉత్తర్వు తెస్తే నష్టపోయేది ఆ కుర్రాడే.

కాబట్టి మీరు పిటిషనరుగా కాక, దారి చూపించే మనిషిగా నిలబడండి. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987 ప్రకారం కస్టడీలో ఉన్నవారికీ మహిళలకీ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. ఆ అబ్బాయి జైలు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు, తల్లి బయట నుంచి పెట్టవచ్చు. వకాల్తా మీద అతని సంతకం జైలు సూపరింటెండెంటు ద్వారా తెప్పించుకోవచ్చు. ఆ తల్లి పక్కన కూర్చుని కాగితం నింపడం, జైలు ములాఖాతుకు తోడు వెళ్లడం, కేసు వివరాలు రాసి పెట్టడం ఎవరైనా చేయవచ్చు. అందుకు ఏ కోర్టు అనుమతీ అక్కర్లేదు.

ఇక ఆ అబ్బాయి కేసులో నన్ను కలవరపెట్టిన విషయం ఒకటి ఉంది. మూడున్నరేళ్లు అని మీరు రాశారు. కేసు కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చిన 2024 జూలైకి ముందుది కనుక పాత శిక్షాస్మృతి సెక్షన్ 392 వర్తిస్తుంది. ఆ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష పదేళ్లు. కానీ దోపిడీ రహదారి మీద, సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ మధ్య జరిగితే పద్నాలుగేళ్లు. విజయవాడ హైవే మీదనో నార్కట్‌పల్లి–అద్దంకి దారిలోనో జరిగే ఇలాంటి కేసుల్లో ఛార్జిషీటులోని గంట ఎంత ముఖ్యమో చాలామంది గమనించరు. ఎందుకంటే క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, దాని సెక్షన్ 479 ప్రకారం, మొదటిసారి కేసులో ఇరుక్కున్న విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడో వంతు జైలులో గడిపితే కోర్టు అతన్ని బాండు మీద విడుదల చేయాలి. ఇదివరకు నేరం రుజువైన చరిత్ర ఉంటే సగం గడపాలి. పదేళ్లలో మూడో వంతు అంటే మూడేళ్ల నాలుగు నెలలు. పద్నాలుగేళ్లలో అయితే నాలుగేళ్ల ఎనిమిది నెలలు. పగటి దోపిడీ అయితే, ఇది మొదటి కేసు అయితే, మీ పక్కింటి అబ్బాయి ఆ గీత రెండు నెలల కిందటే దాటాడు. ఆ సెక్షన్ 2024 జూలై 1కి ముందు నమోదైన కేసులకూ వర్తిస్తుందని సుప్రీం కోర్టు అదే సంవత్సరం ఆగస్టులో స్పష్టం చేసింది. గడువు నిండగానే కోర్టుకు లిఖితపూర్వకంగా దరఖాస్తు పంపాల్సిన బాధ్యతను చట్టం జైలు సూపరింటెండెంటు మీదే పెట్టింది. పంపారా లేదా అని అడిగి తెలుసుకోండి. అయితే ఉరిశిక్షకో యావజ్జీవానికో అవకాశమున్న నేరం ఉన్నా, అతని మీద ఇంకో కేసు పెండింగులో ఉన్నా ఈ దారి మూసుకుపోతుంది. నిందితులు ముగ్గురే అన్నారు కనుక దోపిడీ బందిపోటు కేసుగా మారదు, అది మేలు. బందిపోటు అనాలంటే అయిదుగురు ఉండాలి, దానికి యావజ్జీవం దాకా ఉంది.

ఇంకో మాట. కేసు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు కోర్టులో నడుస్తుంటే, సాక్ష్యానికి వేసిన మొదటి తేదీ నుంచి 60 రోజుల్లో విచారణ ముగియకపోతే, అంతకాలమూ జైలులోనే ఉన్న నిందితుడికి బెయిలు ఇవ్వాలని నాగరిక్ సురక్షా సంహితకు ముందున్న పాత సీఆర్‌పీసీ సెక్షన్ 437లో ఆరో ఉపసెక్షన్ ఉండేది. అదే నిబంధన కొత్త చట్టంలో 480కి మారింది. కారణాలు రాసి నిరాకరించే వీలు మేజిస్ట్రేటుకు ఉన్నా, అసలు ఈ నిబంధన కింద అడగనే అడగని కేసులు నేను ఎన్నో చూశాను. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు తానుగా వేయగల జైలు శిక్ష మూడేళ్లకు మించదు. ఎక్కువ శిక్ష అవసరమనుకుంటే చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటుకు పంపాలి. ఆ అబ్బాయి రుజువు కాని నేరానికి మూడున్నరేళ్లు అప్పుడే గడిపేశాడు. దీన్ని మామూలు విషయంగా తీసుకోవడం నాకు ఇన్నేళ్లయినా చేతకావడం లేదు.

అసలు బెయిలు ఇదివరకే వచ్చిందేమో కూడా కనుక్కోండి. నవ్వకండి, ఇది జరుగుతుంది. ఉత్తర్వు వచ్చి ఇద్దరు జమానతుదారులు దొరక్క జైలులోనే ఉండిపోయినవారు ఉన్నారు. బెయిలు వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలియజేయాలని, నెల దాటినా పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టే పరిశీలించవచ్చని సుప్రీం కోర్టు 2023 జనవరిలో ఆదేశించింది.

రెండో ప్రశ్నకు వస్తాను. ఒక కోర్టు ఆలస్యాన్ని మరో కోర్టు వింటుందా అంటే, పక్క కోర్టు వినదు, పై కోర్టు వింటుంది. మిర్యాలగూడ కోర్టులో ఆలస్యం గురించి సూర్యాపేట కోర్టులో అడగలేరు. జిల్లా జడ్జికి తన కింది కోర్టుల్లోని కేసును మరో కోర్టుకు బదిలీ చేసే అధికారం ఉంది. అసలు పర్యవేక్షణ మాత్రం రాజ్యాంగం 227వ అధికరణం కింద హైకోర్టుది. క్రిమినల్ కేసుల్లో అయితే కొత్త చట్టం సెక్షన్ 529, కేసులు త్వరగా సక్రమంగా తేలేలా చూడాలని హైకోర్టుకు విధిగానే అప్పగించింది. హైకోర్టులోనే ఆలస్యమైతే సంగతి వేరు. హైకోర్టు సుప్రీం కోర్టు కింద శాఖ కాదు కనుక సుప్రీం కోర్టు సాధారణంగా ఆదేశించదు, త్వరగా తేల్చమని కోరుతుంది. వాదనలు పూర్తయి హైకోర్టు తీర్పు రిజర్వు చేసి మూడు నెలలు దాటితే, త్వరగా ఇవ్వమని పక్షాలు దరఖాస్తు పెట్టుకోవచ్చని, ఆరు నెలలు దాటితే మరో బెంచికి మార్చమని ప్రధాన న్యాయమూర్తిని కోరవచ్చని 2001లో అనిల్ రాయ్ తీర్పు దారి చూపింది.

పై కోర్టు వింటుందన్నాను, కానీ ఏమి ఇస్తుందన్నది వేరే ప్రశ్న. 1991 డిసెంబరులో అంతులే కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని నిదానంగా పరిశీలించింది. ఇన్నేళ్లు దాటితే కేసు పోయినట్టే అనే గడువు పెట్టడానికి ఒప్పుకోలేదు. ఆలస్యం ఎంత, ఎవరివల్ల, నిందితుడు అడిగాడా లేదా, అతనికి జరిగిన నష్టం ఏమిటి అని తూచి చూడాలంది. మీ ప్రశ్నకు సూటిగా తగిలే మాట కూడా అక్కడే ఉంది. ఆలస్యం మీద అభ్యంతరాన్ని ముందుగా హైకోర్టు ముందు పెట్టాలి, హైకోర్టు ఆ పిటిషను తీసుకున్నా అసాధారణ సందర్భంలో తప్ప కింది విచారణను ఆపకూడదు, పిటిషనును ప్రాధాన్యం ఇచ్చి తేల్చాలి. తరువాత కొన్ని తీర్పులు గడువులు పెట్టాయి. 2002లో ఏడుగురు న్యాయమూర్తులు రామచంద్రరావు కేసులో ఆ గడువులను తీసివేసి అంతులే దారికే తిరిగి వచ్చారు.

అన్నిటికన్నా కొత్తది 2024 ఫిబ్రవరి 29 నాటి అలహాబాద్ హైకోర్టు బార్ అసోసియేషన్ తీర్పు. మరో కోర్టులో ఉన్న కేసును ఇన్ని నెలల్లో తేల్చమని సుప్రీం కోర్టు, హైకోర్టులు మామూలుగా గడువు పెట్టకూడదని, ఏ కేసుకు ముందు చోటివ్వాలో ఆ కోర్టుకే వదిలేయాలని, అసాధారణ పరిస్థితుల్లోనే గడువు ఇవ్వాలని అయిదుగురు న్యాయమూర్తులు చెప్పారు. ఇదివరకు మేము హైకోర్టుకు వెళ్లి ఆరు నెలల్లో తేల్చమనే ఉత్తర్వు సులువుగా తెచ్చుకునేవాళ్లం. హైకోర్టు దాకా వెళ్లే ఖర్చు భరించగలిగిన వాడి కేసు ముందుకు జరిగేది, భరించలేని వాడిది వెనక్కి పోయేది. ఆ తీర్పు వచ్చిన రోజు మా బార్‌లో గొణుగుడు చాలా వినిపించింది. నాకైతే అందులో న్యాయం కనిపించింది. ఇప్పుడు మీరు హైకోర్టుకు వెళ్తే, నా కేసు ఎందుకు అసాధారణం అన్నది చూపించాలి.

అది ఎలా చూపించాలో ఒక పాత సంగతి నాకు నేర్పింది. నేను జూనియరుగా ఉన్న రోజుల్లో నకిరేకల్ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు. బావి దారి గురించి దావా. ప్రతి వాయిదాకూ తెల్ల పంచె కట్టుకుని తొలి బస్సుకు దిగేవారు. మా గుమాస్తా వాయిదా తేదీ రాసి ఇచ్చిన చీటీలన్నీ ఒక మందు డబ్బాలో దాచుకున్నారు. ఒకరోజు ఆ డబ్బా మా సీనియరు బల్ల మీద కుమ్మరించి, వకీలు సాబ్, 61 అయినాయి, హైదరాబాదు పోదాం అన్నారు. పోయాం. న్యాయమూర్తి చీటీలు చూడలేదు. డాకెట్ నకలు చూశారు. కేసు తేదీ వారీగా ఏమైందో బెంచి క్లర్కు రాసి జడ్జి సంతకం పెట్టే కాగితం అది. ఆయన పెన్సిలుతో ఒక్కో పంక్తి పక్కన గీత పెడుతూ వెళ్లి తల ఎత్తి, ఇందులో 34 వాయిదాలు వాది వైపు నుంచే అడిగారు, మీరు ఎవరి మీద ఫిర్యాదు చేస్తున్నారు అన్నారు. మా సీనియరు మాట్లాడలేదు. మేము అడిగిన వాయిదాలే, వేరే కోర్టులో పని ఉండి కొన్ని, సిద్ధం కాక కొన్ని. పెద్దాయనకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆయన ప్రతిసారీ వచ్చారు, వెళ్లారు. పిటిషను కొట్టివేశారు. తిరుగు బస్సులో ఆయన ఒళ్లో ఖాళీ డబ్బా పట్టుకుని కూర్చున్న తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ తరువాత నా క్లయింటుకు చెప్పకుండా వాయిదా అడగలేదు.

అందుకని మీ అమ్మగారి దావా విషయంలో ముందు చేయాల్సింది పిటిషను కాదు. మొత్తం డాకెట్‌కు సర్టిఫైడ్ కాపీ కోసం దరఖాస్తు పెట్టండి. ఒక నోట్‌బుక్కులో తేదీ, ఆ రోజు జరిగింది, వాయిదా ఎవరివల్ల అని మూడు గళ్లు గీయండి. జడ్జి సెలవు, కోర్టు ఖాళీ, ప్రతివాది న్యాయవాది గైర్హాజరు, మన న్యాయవాది గైర్హాజరు, నోటీసు తిరిగి వచ్చింది, భూమి కొలవడానికి కోర్టు వేసిన కమిషనరు రిపోర్టు రాలేదు అని ఒక్కోదాన్నీ విడిగా రాయండి. ఒక సాయంత్రం పని. ఆ పట్టిక పూర్తయ్యేసరికి మీ కేసు జబ్బు ఎక్కడుందో మీకే తెలుస్తుంది, మీ న్యాయవాదిని అడగాల్సిన ప్రశ్నా దొరుకుతుంది.

నా అంచనా అయితే మీ దావా రెండు చోట్ల ఆగి ఉంటుంది. ఒకటి ఫైలు మార్పు. 2022 జూన్‌లో రాష్ట్రంలో ప్రతి జిల్లాకూ ఒక న్యాయ జిల్లా ఏర్పడింది. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల, నారాయణపేట విడిపోయాయి. ఫైళ్లు కట్టలుగా మారేటప్పుడు కొత్త నంబరు పడుతుంది, పాత నంబరుతో వెతికితే దొరకదు. ఒక కోర్టులో నా క్లయింటు అసలు దస్తావేజు ఏడాదిన్నర పాటు వేరే కట్టలో ఉండిపోయింది. ఈ-కోర్టుల యాప్‌లో పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరుతో మీ దావా ఇప్పుడు ఎవరి ముందు ఉందో, తరువాతి తేదీ ఎప్పుడో చూడండి. ఏ తేదీ లేకుండా ఉంటే, ఫైలు వెతికి కేసును పిలిపించమని ఆ కోర్టులోనే ఒక మెమో వేయించండి.

రెండోది వారసులు. ప్రాథమిక డిక్రీ అంటే ఎవరికి ఎంత వాటా అని తేలడం మాత్రమే. ఏ గట్టు నుంచి ఏ గట్టు దాకా ఎవరిదో కొలిచి విడదీస్తేనే తుది డిక్రీ. ప్రాథమిక డిక్రీ ఇచ్చాక వేరే దరఖాస్తు కోసం ఎదురుచూడకుండా కోర్టులే తుది డిక్రీ వైపు కేసు నడపాలని సుప్రీం కోర్టు 2022లో చెప్పింది. దాన్ని మీ న్యాయవాది జడ్జిగారి దృష్టికి తేవచ్చు. మీ మామయ్య ఒకరు చనిపోయారని, ఆయన పిల్లలు భివండిలో ఉన్నారని రాశారు. పాలమూరు దావాలన్నిటికీ ఉన్న కష్టమే ఇది. మనుషులు బొంబాయిలో, భివండిలో, పూణేలో ఉంటారు, నోటీసు ఊరి చిరునామాకు వెళ్లి ఇల్లు తాళం అని తిరిగి వస్తుంది. రెండు మూడుసార్లు తిరిగి వచ్చాక కూడా మళ్లీ అదే చిరునామాకు నోటీసు అడుగుతూ ఏళ్లు గడిపేస్తారు. అలా కాకుండా పత్రికా ప్రకటన ద్వారా నోటీసుకు అనుమతి అడగాలి. మీ మామయ్య పిల్లల ఇప్పటి చిరునామా, ఫోను నంబరు మీ అమ్మగారికి తెలిసి ఉండవచ్చు కదా. తెలిస్తే దాచకుండా కోర్టుకు ఇవ్వండి. వాటా ఇష్టం లేక దాక్కున్న వారికన్నా, నోటీసే అందని వారు ఎక్కువ.

వలస మాట వచ్చింది కనుక ఆ అబ్బాయి కేసు సాక్షుల గురించీ చెబుతాను. సాక్షి దూరంలో ఉంటే వీడియో ద్వారా సాక్ష్యం తీసుకోవడానికి కొత్త చట్టం సెక్షన్ 530 అవకాశం ఇస్తోంది. సమన్లు అందాయా లేదా, కోర్టు కానిస్టేబులు ఏమి రాసి ఇచ్చాడు, నాన్‌బెయిలబుల్ వారంటు అడిగారా అన్నవి డాకెట్‌లో కనిపిస్తాయి. సాక్షి హాజరైన రోజు వాయిదా వేయకూడదని, ఒక పక్షానికి తప్పనిసరి కారణం ఉన్నా రెండు వాయిదాలకు మించి ఇవ్వకూడదని సెక్షన్ 346 అంటోంది. సివిల్ దావాలో అయితే మూడు. ఈ అంకెలు రోజూ దాటుతూనే ఉంటారు, కానీ మీరు లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పిన రోజు అది రికార్డులో నిలుస్తుంది. హైకోర్టులో అడిగే మొదటి ప్రశ్న, కింది కోర్టులో మీరు అడిగారా అన్నదే.

మూడో ప్రశ్న, వేరే కేసు పది నెలల్లో తేలింది కదా అన్నది. హాజీపూర్ బాలికల హత్యలు 2019 ఏప్రిల్‌లో బయటపడితే నల్గొండ కోర్టు 2020 ఫిబ్రవరిలోనే తీర్పు చెప్పింది, నిజమే. అదే నల్గొండలో, 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో జరిగిన పరువు హత్య కేసు తీర్పు 2025 మార్చిలో వచ్చింది. అది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నడిచిన కేసు, ఆ చట్టం వీలైనంతవరకు రెండు నెలల్లో తేల్చమంటుంది. రెండు కేసులూ ఒకే ఊరి కోర్టువి, రెండింటికీ త్వరగా తేల్చమనే చట్టాలున్నాయి. నిందితులు ఎందరు, సాక్షులు ఎందరు, బెయిళ్లు, పై కోర్టు పిటిషన్లు, ఇలా తేడాలు ఎన్నో ఉంటాయి. అందుకే ఒక కేసు వేగాన్ని చూపించి మరో కేసులో ఉత్తర్వు తెచ్చుకోలేరు. ఒకే కేసులోని తోటి నిందితుడికి బెయిలు వస్తే అది వేరు, ఆ సమానత్వం అడగవచ్చు, తప్పక అడగాలి. మిగతా ఇద్దరూ ఎక్కడున్నారో మీరు రాయలేదు, కనుక్కోండి.

చట్టం కఠినంగా ఉన్న కేసుల్లో సైతం ఆలస్యం లెక్కలోకి వస్తుందని 2021లో నజీబ్ కేసు తేల్చింది. ఉపా, అంటే చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం కింద అయిదేళ్లకు పైగా జైలులో ఉన్న మనిషి కేసులో ఇంకా 276 మంది సాక్షుల విచారణ మిగిలి ఉంది, కేరళ హైకోర్టు ఇచ్చిన బెయిలును సుప్రీం కోర్టు నిలబెట్టింది. ఆ చట్టం కిందే బెయిలు దొరికితే దారి దోపిడీ కేసులో దొరకకపోవడానికి కారణం చట్టంలో లేదు, అడిగే మనిషి లేకపోవడంలో ఉంది.

ఆలస్యం వల్ల కేసే కొట్టివేయించుకోవచ్చా అని కొందరు అడుగుతారు. కొట్టివేసిన తీర్పులున్నాయి, అవి అరుదు. ఆ అబ్బాయికి ముందు విడుదల కావాలి, దాని మీదే దృష్టి పెట్టండి.

మీరు వచ్చే సోమవారం ఆ తల్లిని వెంటబెట్టుకుని నల్గొండ జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లండి. ఆమె ఆధార్ కార్డు, కేసు నంబరు, అబ్బాయి అరెస్టయిన తేదీ రాసిన కాగితం చాలు. ఛార్జిషీటు నకలు ఇంట్లో ఉంటే అదీ పట్టుకెళ్లండి. అందులో నేరం జరిగిన సమయం ఎన్ని గంటలకని రాశారో చూసి ఇక్కడ నాకు తెలియజేయండి, మిగతా లెక్క నేను వేసి చెబుతాను.